కంటిలో నీళ్ల లెక్క

కంటి గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎనుమాముల మిర్చి పనివాళ్లవి ఉన్నాయి, అంగన్‌వాడీ టీచర్లవి ఉన్నాయి, కాలేజీ పిల్లలవీ ఉన్నాయి. అడిగినవి వేరువేరు. లోపలికి పోయి చూస్తే మాత్రం చాలామటుకు ఒక్క దగ్గరికే చేరుతున్నాయి: కంటిలోని ఏ పొరలో ఎన్ని నీళ్లుండాలి, ఆ లెక్క తప్పితే ఏమవుతుంది అన్నదానికి. పేర్లు వేయకుండా ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న (హనుమకొండ, బీఎస్సీ విద్యార్థిని): తెల్లగుడ్డులోనూ, నల్లగుడ్డు మీది కార్నియాలోనూ ఉన్నది కొల్లాజెనే అని పుస్తకంలో ఉంది. మరి ఒకటి తెల్లగా, ఇంకొకటి అద్దంలా ఎట్లా ఉంటాయి? ల్యాబులో చూపించే వీలుందా?

జవాబు: రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది ఒకటో రకం కొల్లాజెనే, అంటే పోగులుగా అల్లుకునే ప్రోటీను. తేడా అంతా పోగుల మందంలో, వాటిని పేర్చిన తీరులో ఉంది. తెల్లగుడ్డులో సన్నపోగులూ లావుపోగులూ కలగలిసి అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. మీద పడ్డ వెలుతురు ఎటుబడితే అటు చెదిరిపోతుంది, అందుకే తెలుపు. కార్నియాలో పోగులన్నీ దాదాపు ఒకే మందం, 25 నుంచి 30 నానోమీటర్లు. కొత్తవాడ మగ్గం మీద పడుగు పోగుల్లా సమాన దూరంలో బారులు తీరి ఉంటాయి, ఒక పొరలో ఒక దిశలో, దాని మీది పొరలో ఇంకో దిశలో. ఒక్కో పోగు నుంచి పక్కలకు చెదిరే వెలుతురు, పక్క పోగు నుంచి చెదిరేదానితో కలిసి రద్దయిపోతుంది. ముందుకు సాగేదే మిగులుతుంది. డేవిడ్ మోరిస్ 1957లో ఇచ్చిన వివరణ ఇది.

ఆ దూరాన్ని కాపాడేవి లుమికాన్, కెరటోకాన్, డెకోరిన్ వంటి ప్రోటియోగ్లైకాన్లు, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్లు. వీటికి అంటుకుని ఉన్న కెరటాన్ సల్ఫేట్, డెర్మటాన్ సల్ఫేట్ గొలుసుల మీద రుణావేశం నిండుగా ఉంటుంది, కనుక అవి నీళ్లను లాక్కుంటాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కార్నియాలో ఉండాల్సిన నీరు బరువులో సుమారు 78 శాతం. వదిలేస్తే అది ఇంకా పీల్చుకుంటూనే పోతుంది. పోగుల మధ్య దూరం చెడి, కార్నియా ఉబ్బి, మసకబారుతుంది. అట్లా కాకుండా ఆపేది కార్నియా వెనకవైపు ఒకే వరుసగా పరుచుకున్న ఎండోథీలియం కణాలు. వీటి గోడల్లోని సోడియం-పొటాషియం పంపు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు పెడుతూ అయాన్లను బయటికి తోస్తుంది, బైకార్బనేట్ కూడా వాటితో కదులుతుంది, నీరు వెంట పోతుంది. రాత్రీ పగలూ ఆగని పని ఇది. పుట్టినప్పుడు చదరపు మిల్లీమీటరుకు 3,500 నుంచి 4,000 దాకా ఉండే ఈ కణాలు పెద్దయ్యాక 2,500 దరిదాపుల్లో ఉంటాయి. మనుషుల్లో ఇవి మళ్లీ పుట్టవు. 500 కంటే తగ్గితే మిగిలినవి ఆ భారం మోయలేవు. అట్లాంటివారికి పొద్దున లేవగానే మసక ఎక్కువగా, మధ్యాహ్నానికి కొంత తేటగా ఉంటుంది. రాత్రంతా రెప్ప మూసి ఉండటంతో కార్నియా మీద నుంచి నీరు ఆవిరి కాలేదన్నమాట.

ల్యాబు సంగతి. మాంసం దుకాణం నుంచి ఆ రోజు కోసిన మేక కండ్లు రెండు తెచ్చుకోండి, ఎంత తాజావైతే అంత మంచిది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. పదునైన బ్లేడుతో నల్లగుడ్డు అంచున చిన్న గాటు పెట్టి, కత్తెరతో కార్నియాను గుండ్రంగా కత్తిరించండి. కింద అచ్చు అక్షరాలు పెట్టి ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో చూడండి. తర్వాత దాన్ని గిన్నెడు నీళ్లలో రెండు మూడు గంటలు ఉంచండి. లావెక్కి, పాలరంగుకు తిరుగుతుంది. ఇప్పుడు తీసి గ్లిజరిన్‌లో వేయండి. గ్లిజరిన్ నీటిని గుంజుకుంటుంది, కార్నియా పలచబడి మళ్లీ తేటపడుతుంది. తెల్లగుడ్డు ముక్కను గాలికి బాగా ఎండబెడితే, తెల్లగా ఉన్నదే కాస్త వెలుగు పారేలా మారుతుంది. కొల్లాజెన్ మారలేదు, నీరు మాత్రమే మారింది. చాలామంది పిల్లలు ఉప్పునీళ్లలో వేసి "ఇందులో ఉబ్బకూడదు కదా" అని తికమక పడతారు. 0.9 శాతం ఉప్పునీళ్లలోనూ ఉబ్బుతుంది. నీటిని గుంజేది లోపలి గొలుసులు, ఆ గుంజుడుకు ఎదురు నిలిచే పంపు చచ్చిపోయింది.

ప్రశ్న (ఎనుమాముల, వరంగల్): మా అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది. కండ్ల మంటకు ఒకరు నెయ్యి అంటారు, ఒకరు పాలు అంటారు. ఘాటుకు కన్ను కాలిపోతుందా?

జవాబు: కాలదు. మిరపలోని కాప్సైసిన్ కణజాలాన్ని కరిగించదు, కోయదు. కార్నియాలో ఒత్తుగా ఉన్న నొప్పి నరాల మీద టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంటుంది. మామూలుగా అది 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటుంది. కాప్సైసిన్ అదే ద్వారాన్ని తెరుస్తుంది కాబట్టి నరానికి నిప్పు తగిలినట్టే ఉంటుంది. 1997లో ఈ ద్వారాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

నెయ్యి, పాలు, చనుబాలు ఏవీ వద్దు, వాటితో సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. చల్లని శుభ్రమైన నీళ్లతో 10, 15 నిమిషాలు కడగాలి, రెప్పలు గబగబా కొట్టాలి, నలపకూడదు. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని పని దిగగానే చేతులకు ముందు కాస్త వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోమనండి. ఉత్త నీళ్లతో కడిగి ముఖం తుడుచుకోవడమే చాలామంది చేసే పొరపాటు. గంట, రెండు గంటల్లో మంట తగ్గాలి. తగ్గకుండా రెప్పకింద ఏదో గుచ్చుతున్నట్టుంటే అది ఘాటు కాదు, దుమ్మురేణువు గీసిన గాయం కావచ్చు, చూపించాలి.

ప్రశ్న (పరకాల): పక్కింటి పిల్లవాడు తమలపాకుల సున్నం పొట్లం నొక్కితే కంట్లో చిమ్మింది. సున్నం క్షారం కదా, నిమ్మరసం చుక్క వేస్తే విరుగుడు అవుతుందని ఒకరన్నారు. నిజమా?

జవాబు: ఎంతమాత్రం వేయకూడదు. కంటికి జరిగే రసాయన ప్రమాదాల్లో సున్నం చాలా చెడ్డది, మన ఇళ్లలో అది పిల్లల చేతికందే చోట ఉంటుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఆమ్లం పడితే పైపొర ప్రోటీన్లు గడ్డకట్టి, ఆ గడ్డే లోపలికి పోకుండా కొంత అడ్డు నిలుస్తుంది. క్షారానికి ఆ అడ్డు ఉండదు. తడి సున్నం పీహెచ్ సుమారు 12.4. అది కణాల గోడల్లోని కొవ్వును సబ్బుగా మార్చి దారి చేసుకుంటుంది. పైగా సున్నం ముద్ద రెప్పల మడతల్లో అతుక్కుని, కరుగుతున్నంతసేపూ కొత్త క్షారాన్ని వదులుతూనే ఉంటుంది. నిమ్మరసం వేస్తే రెండు రసాయనాలూ కంటిలోనే కలబడి వేడి పుడుతుంది, ఆమ్లం గాయం అదనం.

చేయాల్సింది ఒక్కటే, నీళ్లు. ఆస్పత్రికి పరుగెత్తకముందే మొదలుపెట్టాలి. నల్లా, బోరు, మంచినీళ్ల బాటిల్, దగ్గర ఏది ఉంటే అది. పిల్లవాణ్ణి పడుకోబెట్టి, తల గాయమైన కంటివైపు వంచి (ఆ నీళ్లు రెండో కంట్లోకి పోకుండా), రెప్పలు వేళ్లతో విప్పిపట్టి కనీసం 30 నిమిషాలు ధార ఆపకుండా పోయాలి. ఏడుస్తాడు, రెప్ప బిగిస్తాడు, అయినా ఆపకూడదు. కింది రెప్ప దింపి, పై రెప్ప ఎత్తి, తెల్లటి ముక్కలు కనిపిస్తే తడిపిన దూదిపుల్లతోనో మెత్తని తడిగుడ్డ కొసతోనో తీసేయాలి. నలపకూడదు, కట్టు కట్టకూడదు. దారిలో కూడా బాటిల్‌తో పోస్తూనే తీసుకెళ్లాలి. ఆస్పత్రిలో పై రెప్పను రెండు మడతలు తిప్పి, మూలల్లో దాగిన సున్నం తీస్తారు. పీహెచ్ కాగితం పెట్టి 7, 7.4 మధ్యకు వచ్చిందో లేదో చూస్తారు, కడగడం ఆపిన కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ చూస్తారు. లోపల ఇంకిన క్షారం మెల్లగా బయటికి ఊరుతుంది కాబట్టి ఒక్కసారి చూస్తే సరిపోదు.

తర్వాతి వారాల్లో జరిగేదంతా జీవరసాయనమే. కంటి ముందు గదిలోని నీటిలో విటమిన్ సీ రక్తంలో కంటే సుమారు 20 రెట్లు ఎక్కువ. ఆ నీటిని తయారుచేసే సిలియరీ బాడీ అనే భాగం దాన్ని లోపలికి పంపు చేస్తుంది. క్షారం తగిలితే ఆ పంపు దెబ్బతిని విటమిన్ సీ పడిపోతుంది. కొత్త కొల్లాజెన్ అల్లాలంటే అందులోని అమైనో ఆమ్లాలైన ప్రోలిన్, లైసిన్‌లకు హైడ్రాక్సిల్ గుంపులు తగిలించాలి, దానికి విటమిన్ సీ కావాలి. ఇటు కొత్తది అల్లడం ఆగుతుంది, అటు తెల్ల రక్తకణాల నుంచీ, గాయపడ్డ కణాల నుంచీ వచ్చే ఎంజైములు పాతదాన్ని కోస్తుంటాయి. కార్నియా కరిగి చిల్లు పడటం ఈ రెండూ కలిస్తేనే. డాక్టర్లు విటమిన్ సీ మాత్రలు, చుక్కలమందు ఇచ్చేదీ, డాక్సీసైక్లిన్‌తో ఆ ఎంజైములకు కావలసిన జింకును పట్టేసేదీ అందుకే. ఇంట్లో విటమిన్ సీ మాత్ర నీళ్లలో కరిగించి కంట్లో పోసే సాహసం మాత్రం వద్దు, అది ఆమ్లమే. నల్లగుడ్డు చుట్టూ అంచులో ఉండే మూలకణాలు చచ్చిపోతే కార్నియా మీదికి రక్తనాళాలు పాకుతాయి. అప్పుడు రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి నాటే పద్ధతి ఉంది. దాన్ని సులువు చేసిన తీరును హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు 2012లో ప్రకటించారు. ఇంత దూరం రానీయకుండా చేసేది ఆ మొదటి అరగంట నీళ్లే.

ప్రశ్న (జగిత్యాల): మా నాయనకు 58 ఏండ్లు. ఈమధ్య దగ్గరి అద్దాలు లేకుండానే పేపరు చదవడం మొదలుపెట్టిండు, చూపు మెరుగైందని సంబరపడ్డాం. పరీక్ష చేయిస్తే షుగరు 380. మాత్రలు మొదలుపెట్టిన రెండు వారాలకు పాత అద్దాలతో కూడా అక్షరాలు కనిపించడం లేదు. మందు కండ్లను పాడు చేస్తుందని మాత్రలు ఆపేసిండు. మోతిబిందు కూడా మొదలైందట, పండేదాకా ఆగమంటున్నారు.

జవాబు: ముందు మాత్రలు మళ్లీ మొదలుపెట్టించండి, ఈ రోజే డాక్టరుతో మాట్లాడి. కండ్లను పాడు చేస్తున్నది మందు కాదు.

కంటి కటకం, అంటే లెన్సులో దాదాపు మూడో వంతు ప్రోటీను, మిగిలింది నీరు. రక్తనాళాలు లేవు కాబట్టి చుట్టూ ఉన్న ద్రవం నుంచే గ్లూకోజు తీసుకుంటుంది. ఆ తీసుకోవడానికి ఇన్సులిన్ అడ్డూ అదుపూ లేదు. రక్తంలో 380 ఉంటే లెన్సులోనూ పెరుగుతుంది. మామూలు మట్టంలో ఊరికే ఉండే ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైము అప్పుడు లేచి, గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ కణం గోడ దాటి బయటికి పోలేదు. లోపలే పోగై నీటిని గుంజుతుంది. లెన్సు ఆకారం, కాంతిని వంచే గుణం మారతాయి. షుగరు పెరిగినప్పుడు చాలామందికి హ్రస్వదృష్టి వైపు జరుగుతుంది, అందుకే దగ్గరివి అద్దాలు లేకుండా కనిపించాయి. అది చూపు మెరుగవడం కాదు, షుగరు పెరిగిందన్న సూచన. నలభై దాటినవాళ్లకు ఉన్నట్టుండి చదువు అద్దాల అవసరం పోతే మొదట షుగరు చూపించుకోవాలి. మందుతో షుగరు గబగబా దిగినప్పుడు చూపు రెండోవైపుకు, దీర్ఘదృష్టి వైపు ఒరుగుతుంది. కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అందుకని ఇప్పుడే కొత్త అద్దాలు చేయించకండి. షుగరు నిలకడగా 4 నుంచి 6 వారాలు ఉన్నాక పరీక్ష చేయిస్తే ఆ డబ్బు దండగ కాదు. అంతదాకా పేపరు చదవడానికి చవక రెడీమేడ్ అద్దాలు చాలు.

మోతిబిందు వేరే లెక్క. ఎలుకల్లో షుగరు శుక్లాలకు సార్బిటాలే ముఖ్య కారణం. మనుషుల లెన్సులో ఆ ఎంజైము అంత చురుకైనది కాదు, అందుకని పెద్దవయసులో వేరే రెండు కారణాలకు ఎక్కువ బరువుంది. ఒకటి, గ్లూకోజు నేరుగా లెన్సును నింపి ఉండే క్రిస్టాలిన్ ప్రోటీన్లకు మరకలా అతుక్కోవడం. షుగరు వాళ్లకు చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది ఇట్లాంటి అతుకుడే, హీమోగ్లోబిన్ మీద. ఎర్ర రక్తకణం 120 రోజుల్లో పోతుంది, మరక కూడా పోతుంది. లెన్సు నడిమి కణాల్లో కేంద్రకం లేదు, కొత్త ప్రోటీను తయారీ లేదు. పుట్టుకకు ముందు తయారైన క్రిస్టాలిన్ చచ్చేదాకా అదే. దాని మీద పడ్డ మరకలన్నీ పోగవుతాయి, లెన్సు పసుపు, గోధుమ రంగులోకి తిరిగేది అందుకే. రెండోది, ఆక్సీకరణ. లెన్సు గ్లూటాథయాన్‌ను నిండుగా దాచుకుని దీన్ని ఎదుర్కొంటుంది, వయసుతో నడిమి భాగానికి అది చేరడం తగ్గుతుంది. ఆల్ఫా-క్రిస్టాలిన్ చెదిరిన ప్రోటీన్లను పట్టుకుని ఉండకట్టకుండా చూస్తుంది, అది కూడా అయిపోయాక ఉండలు కట్టి వెలుతురును చెదరగొడతాయి. ఇట్లా కట్టిన ఉండలను కరిగించే చుక్కలమందు ఇంతవరకూ లేదు. అట్లా అని అమ్మేవాటికి డబ్బులు పెట్టకండి.

"పండాలి" అన్నది పాతకాలపు ఆపరేషన్ల నాటి మాట. బాగా ముదిరితే లెన్సు లోపలి ప్రోటీను ద్రవమై పైపొర నుంచి కారుతుంది. దాన్ని మింగిన కణాలు కంటి నీరు బయటికి పోయే జల్లెడను పూడుస్తాయి, ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పితో కన్ను ఎర్రబడుతుంది. రోజువారీ పనికి మసక అడ్డం అవుతుందనుకున్నప్పుడే చేయించుకోవచ్చు. ఆపరేషన్‌కు ముందు షుగరు అదుపులో ఉండాలి, రెటీనా పరీక్ష కూడా జరగాలి. షుగరున్న వాళ్లకు మోతిబిందు ఉన్నా లేకున్నా రెటీనా పరీక్ష ఏడాదికొకసారి తప్పదు.

ప్రశ్న (మహబూబాబాద్, అంగన్‌వాడీ టీచర్): విటమిన్ ఏ ద్రావణం ఎంత, ఎప్పుడు? క్యారెట్ పెడితే సరిపోదా అని తల్లులు అడుగుతున్నారు.

జవాబు: 9 నెలలకు మొదటి మోతాదు లక్ష యూనిట్లు, అంటే 1 మిల్లీలీటరు. తర్వాత ఆరేసి నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు, 2 మిల్లీలీటర్లు, అయిదేండ్లు నిండేదాకా. మొత్తం 9 మోతాదులు. సీసాతో వచ్చే చెంచానే వాడాలి, ఇంటి చెంచాతో కొలత తప్పుతుంది. ద్రావణంలోని విటమిన్ ఏ (రెటినాల్) వెలుతురుకు పాడవుతుంది, అందుకే సీసా ముదురు రంగులో ఉంటుంది. మూత తీసిన తేదీ రాసి 8 వారాల్లో వాడేయండి. తాగించాక ఒకటి రెండు రోజులు కొందరికి తలనొప్పి, వాంతి ఉండొచ్చు, తగ్గిపోతుంది.

కంటిలో ఇది చేసే పని రెండు రకాలు. రెటీనాలో మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాల్లో రోడాప్సిన్ ఉంటుంది. ఆప్సిన్ అనే ప్రోటీనుకు విటమిన్ ఏ నుంచి వచ్చిన 11-సిస్ రెటినల్ తగులుకుని ఉంటుంది. ఒక్క వెలుగు రేణువు తగిలితే వంగి ఉన్న ఆ అణువు నిటారుగా సాగుతుంది, అక్కడి నుంచి సంకేతం మొదలవుతుంది. సాగినదాన్ని మళ్లీ వంచి అందించే పని రెటీనా వెనకి పొరది. నిల్వ తక్కువైతే ముందు దెబ్బతినేది మసక వెలుతురులో చూపు, రేచీకటి. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు తడుముకుంటున్నా, గడప తట్టుకుంటున్నా పట్టించుకోండి. రెండో పని, తెల్లగుడ్డు మీది పొర తడిగా ఉండటానికి కావలసిన జిగురు కణాలను నిలబెట్టడం. అది తప్పితే నురుగులాంటి తెల్ల మచ్చలు వస్తాయి, ఇంకా ముదిరితే కార్నియా మెత్తబడి కరిగిపోతుంది. రేచీకటి, మచ్చలు కనిపించిన ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలల లెక్క పనికిరాదు. ఆ రోజే 2 లక్షలు, మర్నాడు 2 లక్షలు, రెండు వారాలకు ఇంకోసారి. అది ఆస్పత్రిలో డాక్టరు చేతుల మీదుగా జరగాలి.

క్యారెట్ మంచిదే, మునగాకు, తోటకూర, పుంటికూర, బొప్పాయి, మామిడిపండు కూడా మంచివే. కానీ వాటిలో ఉన్నది బీటా కెరోటిన్. తిండిలోని 12 మైక్రోగ్రాములు ఒంట్లో 1 మైక్రోగ్రాము విటమిన్ ఏ కిందకే లెక్క. కొవ్వు లేకుండా తింటే అదీ అందదు, పోపులో నూనె ఉండాలి. పిల్లలు తింటే గుడ్డు, కాలేయం నేరుగా విటమిన్ ఏ ఇస్తాయి. గర్భిణులు పెద్ద మోతాదు తీసుకోకూడదు, శిశువుకు ప్రమాదం. క్యారెట్‌తో అద్దాల నంబరు మాత్రం తగ్గదు, అది కనుగుడ్డు పొడవుకు సంబంధించింది.

ప్రశ్న (హుజూరాబాద్): వరి కోతప్పుడు ఆకు కొట్టుకుని కన్ను ఎర్రబడితే పసరు పోయిస్తారు. మందుల దుకాణంలో చుక్కలు అడిగి వేసుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఆకు గీసిన గీత గుండా ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజులు లోపలికి పోతాయి. అవి వదిలే ఎంజైములూ, వాటి మీదికి వచ్చే మన తెల్ల కణాల ఎంజైములూ కలిసి కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. పసరు ఆ బూజుకు తోడు ఇంకొన్ని క్రిములను చేరుస్తుంది. దుకాణంలో ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే మొదటి రెండు రోజులు ఎరుపు, నొప్పి తగ్గి బాగైనట్టే అనిపిస్తుంది, లోపల బూజు అడ్డు లేకుండా పెరుగుతుంది. ఆ రెండు రోజుల సుఖానికే ఎన్నో కండ్లలో పువ్వు వేసింది. కార్నియాను కొంచెం గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు తెలిసిపోతాయి. అప్పుడు నాటమైసిన్ 5 శాతం చుక్కలు, మొదట్లో గంటకోసారి, వారాల తరబడి వేయాల్సి ఉంటుంది. వరంగల్ ప్రాంతీయ కంటి ఆస్పత్రికైనా, దగ్గరి కంటి డాక్టరు దగ్గరికైనా అదే రోజు పోవాలి.

ప్రశ్న (మంథని): కండ్ల ముందు ఈగలు తిరుగుతున్నట్టు ఎందుకుంటుంది?

జవాబు: కంటి వెనక గదిలోని జెల్లీలో 98 శాతానికి పైగా నీరే. హైలురోనిక్ ఆమ్లం, రెండో రకం కొల్లాజెన్ దాన్ని జెల్లీగా నిలుపుతాయి. వయసుతో అది నీరుకారి, కొల్లాజెన్ పోగులు ముద్దగట్టి నీడ వేస్తాయి. పాతవైతే భయం లేదు. ఒక్కసారిగా ఎక్కువైనా, మెరుపులు వచ్చినా, చూపులో పక్క నుంచి తెర దిగినట్టున్నా రెటీనా చిరిగి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి.

ప్రశ్న (కరీంనగర్): నేత్రదానం 6 గంటల్లో అంటారు. ఎందుకు? షుగరు ఉన్నవాళ్లు, మోతిబిందు ఆపరేషన్ అయినవాళ్లు పనికొస్తారా?

జవాబు: పనికొస్తారు. తీసుకునేది కార్నియానే కాబట్టి అద్దాలు, షుగరు, బీపీ, మోతిబిందు ఆపరేషన్ అడ్డం కావు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, రేబిస్, రక్తం విషమించడం, రక్త క్యాన్సర్ ఉంటే తీసుకోరు. కార్నియాలో రక్తనాళాలు లేవు కాబట్టి రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు.

6 గంటల లెక్క మొదటి జవాబులో చెప్పిన పంపుది. ప్రాణం పోగానే కంటి ద్రవంలోకి కొత్త గ్లూకోజు రావడం ఆగుతుంది. ఎండోథీలియం ఉన్నదానితో కొంతసేపు నెట్టుకొచ్చి, ఆ తర్వాత చావడం మొదలుపెడుతుంది. వేడికి ఇది తొందరగా జరుగుతుంది, మన ఎండాకాలంలో ఇంకా తొందర. అందుకని ఐ బ్యాంకు వాళ్లు వచ్చేలోపు ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి: రెప్పలు మూసి, వాటి మీద శుభ్రమైన తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తాలి, ముఖానికి రక్తం దిగకుండా, గాలికి కార్నియా ఎండిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపాలి, ఏసీ ఉంటే వేసి ఉంచవచ్చు. తీసిన కార్నియాను ఎంకే (మెక్‌కారీ-కాఫ్‌మన్) అనే నిల్వ ద్రావణంలో 4 డిగ్రీల చలిలో 4 రోజులు ఉంచవచ్చు. చలిలో పంపు పనిచేయదు, అందుకే ఆ ద్రావణంలో డెక్స్‌ట్రాన్ కలుపుతారు. అది బయటి నుంచి నీటిని గుంజిపట్టి కార్నియా ఉబ్బకుండా చూస్తుంది. కాండ్రాయిటిన్ సల్ఫేట్ కూడా కలిపిన ద్రావణాల్లో 14 రోజుల దాకా నిల్వ ఉంటుంది.

పని 15, 20 నిమిషాల్లో అయిపోతుంది, ముఖం మారదు, పరీక్షకు కొంచెం రక్తం తీసుకుంటారు. ముందుగా ప్రతిజ్ఞ పత్రం నింపి ఉండకపోయినా ఇంటివాళ్లు ఒప్పుకుంటే చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. దహనానికి ఏర్పాట్లు మొదలుపెట్టకముందే ఎవరో ఒకరు గుర్తుంచుకుని ఫోన్ చేయాలి, ఆ నంబరు ఇంట్లో క్యాలెండరు మీద ముందే రాసి పెట్టుకోండి.